పెట్టె అడుగున చిల్లు

చిరంజీవి మా పెద్దవాణ్ణి మీ అమ్మ మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మీ నాన్న, చెల్లి, నేను కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీతో కొండ మీద గుడారాల్లో ఉంటున్న కుర్రాళ్ళూ అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఈ కులాసా అన్న మాట ఈసారి కాస్త ఆగి ఆలోచించి రాశాను. ఎందుకో తర్వాత చెబుతాను. నీ ఉత్తరం సామాన్ల జీపు డ్రైవరు మొన్న సాయంత్రం ఇంటికి తెచ్చి ఇచ్చాడు. రేపు పొద్దున్న అతను మళ్ళీ మీ వైపు బయలుదేరుతున్నాడట. ఇది అతని చేతికే ఇస్తాను.

దస్తూరీ చూడగానే నీకు నవ్వొచ్చి ఉంటుంది. ఇన్నాళ్ళూ నా మాటలు మీ నాన్న రాస్తూ వచ్చారు. ఆయన అక్షరాలు కుట్టుమిషన్ మీద కుట్టినట్టు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటున్నాయని, చదవలేక చస్తున్నానని రాశావు. చెల్లి ఆ ముక్క కావాలనే గొంతెత్తి రెండుసార్లు చదివింది. ఆయన కత్తెర పక్కన పెట్టి, వాడి ఒంటి మీది చొక్కా కూడా ఆ చెయ్యే కుట్టిందని గుర్తు చెయ్యమన్నారు. చేశాను. ఈసారి నేనే కలం పట్టాను. గీతల కాగితమే తీసుకున్నాను గాని వరసలు గీత మీద నిలవనంటున్నాయి. ఓపిగ్గా చదువుకో.

మీ నాన్నకి బడి పిల్లల యూనిఫారాల పని వచ్చింది. ముందు గదిలో కాలు పెట్టే చోటు లేదు, ఎక్కడ చూసినా నీలం గుడ్డ ముక్కలే. చెల్లి నీ గది ఆక్రమించుకుంది. నువ్వు వచ్చాక ఖాళీ చేస్తానంటుంది, నేనైతే నమ్మడం లేదు. వెనకగది గోడకి చెమ్మ ఎక్కి బీరువాలో బట్టలన్నీ ముక్కవాసన కొడుతుంటే, నా పని సంచిలోంచి చెమ్మ పీల్చే సిలికా పొట్లాలు తీసుకుపోయి చెప్పుల్లో, పుస్తకాల్లో, ఆఖరికి తలగడ కిందా పెట్టుకుంది. ఇదేమిటే అంటే, నీ పెట్టెలకున్న విలువ నీ కూతురికి లేదా అంది. దాని నోటికి మనం ఆగలేం.

ఇక నువ్వడిగినవి ఒక్కొక్కటే చెబుతాను.

వైర్‌లెస్ సెట్టు బ్యాటరీ బుగ్గలు పూరించినట్టు ఉబ్బిందని, నొక్కి చూస్తే మెత్తగా ఉందని రాశావు. ముందు ఆ నొక్కి చూడటం మానెయ్యి. తడి తగలకూడదని మీ వంటమనిషి ఆ సెట్టుని పొయ్యి పక్కన అరలో పెట్టాడన్నావు చూడు, అదే దాని కొంప ముంచింది. చెమ్మకి ఎంత భయపడాలో వేడికీ అంతే భయపడాలి. దాన్ని మళ్ళీ ఛార్జింగ్‌కి పెట్టకు, గుచ్చకు, చెత్తతో కలిపి తగలబెట్టకు. గుడారాలకి దూరంగా, ఎండా వానా పడని చోట, ఒక మట్టిపాత్రలో ఇసక పోసి అందులో ఉంచి, జీపు డ్రైవరుకి ఫలానాదని చెప్పి మరీ పంపు. అతను ఎప్పటిలా పెట్రోలు డబ్బాల పక్కన పడెయ్యకుండా చూడు.

సిలికా గింజలు నీలం నుంచి గులాబీ రంగులోకి తిరిగాక పారెయ్యాలా అన్నావు. అక్కర్లేదు. సన్నని సెగ మీద నెమ్మదిగా వేడి చేస్తే పట్టిన తడి వదిలేసి మళ్ళీ నీలం అవుతాయి. కాకపోతే పాత రేకు మీద చెయ్యి. వంటమనిషి పెనం ముట్టుకుంటే ఆ రోజు నీకు తిండి ఉండదు. పెట్టెల్లోని పెద్ద బ్యాటరీకి పట్టీలు బిగించేటప్పుడు చేతి గడియారం తీసి జేబులో వేసుకో. గొలుసు గడియారం బ్యాటరీ రెండు కొనలకీ ఒకేసారి తగిలితే మణికట్టు చుట్టూ వాత పడుతుంది. నా చేతి మీద ఒకటి ఉంది, చిన్నప్పుడు నువ్వు దాన్ని వేలితో తడుముతూ నిద్రపోయేవాడివి.

మూడో ప్రశ్న మీద కోపమంతా కక్కావు. కేబుళ్ళు దూరే చోట, అడుగున చిల్లు దగ్గర, అన్నిటికీ పుట్టీ మెత్తి కొలత యంత్రాల పెట్టెలు గాలి కూడా చొరకుండా చేశానని, మీ బృందమంతా నీ పద్ధతే పట్టుకుందని, ఇంతలో ఎవరో కుర్చీలో కూర్చునే పెద్దమనిషి మాట విని మీ ఇంజనీరమ్మ అడుగు చిల్లులన్నీ తెరిపించిందని రాశావు. ఆ పెద్దమనిషి ఎవరో తెలిస్తే నాలుగు మాటలు అడగాలనుందన్నావు. వానలు మొదలయ్యేలోగా ఆవిణ్ణి ఒప్పించి మళ్ళీ మూసేస్తానని, సాక్ష్యం కావాలంటే ఏటి ఒడ్డున మా అమ్మ పెట్టె చూసుకోమంటానని, పోయిన వానాకాలమంతా అందులోకి చుక్క తడి రాలేదని గట్టిగా రాశావు.

కన్నా, మీ ఇంజనీరమ్మకి కబురు పంపిన మనిషిని నేనే. అడగాల్సిన నాలుగు మాటలూ నన్నే అడుగు.

నువ్వు సాక్ష్యం తెస్తానన్న పెట్టె ఇప్పుడు లేదు. అది పేలిపోయింది.

ఈ మాట రాసి కాసేపు లేచి తిరిగాను. మీ నాన్న మిషన్ ఆపి నా వంక చూసి, మళ్ళీ గుడ్డ మీదికి వంగారు. ఈ సంగతి మీద మా ఇద్దరికీ జరగాల్సిన గొడవంతా జరిగిపోయింది. నీకు చెప్పొద్దని నేను, చెప్పి తీరాలని ఆయన. నువ్వు మీ వాళ్ళందరికీ నీ పద్ధతి నేర్పుతున్నావని ముందటి ఉత్తరంలో రాసినప్పుడు ఆయన భోజనం ముందు నుంచి లేచిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. పెరట్లో గోడ వైపు తిరిగి నిలబడి, "నువ్విప్పుడు వాడికి చెప్పకపోతే, ఇంకో ఇంట్లో కూడా ఇదే జరుగుతుంది. అది వాడి చేతుల మీద జరుగుతుంది" అన్నారు. మర్నాడే నేను ఆఫీసుకి వెళ్ళి మీ ఇంజనీరమ్మకి వైర్‌లెస్‌లో చెప్పించాను. చిల్లు మూసిన పెట్టె ఒకచోట పేలిందని మాత్రమే చెప్పించాను. ఎక్కడో, ఎవరిదో చెప్పించలేదు. అక్కడితో గండం గడిచిందనుకున్నాను. నువ్వు పట్టిన పట్టు విడవని మనిషివని మరిచిపోయాను, ఆ మొండితనం నీకు నా దగ్గర నుంచే వచ్చినా సరే.

అసలు సంగతి మొదటి నుంచీ రాస్తాను. నువ్వు కాలేజీ మధ్యలో మానేసి వచ్చి, గదిలో తలుపేసుకుని కూర్చున్న రోజులు నీకూ నాకూ తెలుసు. పిలిస్తే పలికేవాడివి కాదు. ఊరికే ఇంట్లో ఎందుకని నిన్ను నాతో ఏటి ఒడ్డున మా కొలతల స్టేషనుకి లాక్కుపోయాను. ఏటి మట్టం కొలిచే ఆ పెట్టె చూసి నీ మొహంలోకి కాస్త కళ వచ్చింది. అప్పట్లో ఆ పెట్టెతో నా ప్రాణం విసిగిపోయి ఉండేది. పట్టీల మీద పచ్చగా చిలుం, బోర్డు మీద తెల్లటి బూజు, పెట్టిన వారానికే గులాబీ రంగు తిరిగే పొట్లాలు. వాన ఎప్పుడు జోరందుకుంటే అప్పుడే మొరాయించేది. కింది ఊళ్ళవాళ్ళకి ఏరు పొంగుతోందని చెప్పాల్సిన ఘడియలోనే దాని నోరు పడిపోయేది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని రోజూ ఇదే గోల పెట్టేదాన్ని. మీ నాన్నా చెల్లీ వినీ వినీ వదిలేశారు. నువ్వొక్కడివే విన్నావు.

ఒకరోజు నాకు చెప్పకుండా వెళ్ళి, పుట్టీ తెచ్చి, పెట్టెకి ఉన్న కన్నాలన్నీ మూసేశావు. మర్నాడు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించావు. గోళ్ళ సందుల్లో ఇంకా పుట్టీ ఉంది. "ఇంక నీ పెట్టెలోకి తడి ఎలా వస్తుందో నేనూ చూస్తానే అమ్మా" అన్నావు. కేబుళ్ళ దగ్గర నువ్వు చేసిన పని నాకంటే నీటుగా ఉంది. తర్వాత నేను పెట్టె అడుగున చెయ్యి పెట్టాను. జాలీ ఉండాల్సిన చోట చల్లటి ముద్ద తగిలింది.

ఇక్కడ నుంచి జాగ్రత్తగా చదువు. ఆ చిల్లు ఎందుకుందో నాకు తెలుసు. నాకు పని నేర్పిన సోడాబుడ్డి మేస్త్రీ, అదే, మందపాటి కళ్ళద్దాల ఆయన, చేరిన మొదటి రోజే చెప్పాడు. ఎన్ని కన్నాలైనా మూసుకో, అడుగు చిల్లు జోలికి మాత్రం పోకు, ఛార్జవుతున్నప్పుడు బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, అది బయటికి పోయే దారి అదే అన్నాడు. చెమ్మ వచ్చేదీ ఆ దారినే, అయినా పొట్లాలు మార్చుకుంటూ చెమ్మతో కాపురం చెయ్యాలి తప్ప దారి మూయకూడదన్నాడు. నీకా సంగతి ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పలేదు. స్టేషనుకి తీసుకెళ్ళి మట్టం ఎలా చదవాలో, తేళ్ళు ఎక్కడుంటాయో చెప్పాను గాని అది చెప్పలేదు.

చెయ్యి అడుగునే ఉంచి నీ మొహం చూశాను. ఎన్ని నెలల తర్వాతో నువ్వు నవ్వుతున్నావు. ఆ ముద్ద అక్కడికక్కడ గీకేసి, ఒరే ఇది తప్పురా అని ఒక్క మాట అంటే అయిపోయేది. నువ్వేం కూలిపోయేవాడివి కాదు, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నోరు తెరిచి, "భలే పని చేశావురా" అన్నాను.

నువ్వు చూడకుండా తర్వాత తీసేద్దామనుకున్నాను. నీకు కొండ మీద ఉద్యోగం వచ్చి బస్సెక్కిన రోజు, అటు నుంచి అటే స్టేషనుకి వెళ్ళాను, తీసేద్దామనే. పెట్టె తెరిచి చూస్తే పొట్లాలు నీలంగా ఉన్నాయి. వానాకాలం నడిమధ్యలో నీలం రంగు నేను ఆ పెట్టెలో ఎప్పుడూ చూడలేదు. కాసేపు అలాగే చూస్తూ నిలబడి, ఇంకొన్నాళ్ళు ఉండనిద్దాం అనుకుని తలుపు వేసేశాను. ఆ ఏడు ఏరు పొంగినప్పుడు మన పెట్టె ఒక్క లెక్క కూడా తప్పలేదు. కింది వాడల వాళ్ళు సామాన్లు సర్దుకుని ముందే మెరకకి చేరుకున్నారు. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. మా వాడు చేశాడని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆ నీలం రంగు నా కళ్ళు కప్పేసింది. మబ్బు పట్టిన రోజుల్లో సోలార్ పలక నుంచి వచ్చే ఛార్జింగ్ అంతంతమాత్రం, అందుకే ఏమీ కాలేదని నాకు తోచనే లేదు.

ఎండలు ముదిరాయి. బ్యాటరీ పాతబడింది. ఛార్జింగ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటరు పాడైందని తర్వాత తేలింది. పొద్దస్తమానం ఛార్జింగ్ ఎక్కుతూనే ఉండటంతో బ్యాటరీ వాయువు వదులుతూ కూర్చుంది. అది పోయేందుకు దారి లేదు.

నా అలవాటు నీకు తెలుసు. లోపలికి చెమ్మ పోకూడదని తలుపు బార్లా తియ్యను. ఓరగా తెరిచి, ఆ సందులోంచి చెయ్యి పెట్టి ముందు స్విచ్ కట్టేసి, తర్వాత మిగతా పని చూసుకుంటాను. ఎప్పుడూ చేసేదే. ఆ రోజు తలుపు బార్లా తీసి కాసేపు వదిలేసినా చాలావరకు గాలికి పోయేదేమో. నేను ఓరగానే తెరిచాను. చెయ్యి పెట్టి స్విచ్ నొక్కాను. లోపల నిండిన హైడ్రోజన్ అంటుకోవడానికి ఆ స్విచ్‌లో లేచిన చిన్న రవ్వ చాలింది.

చప్పుడు నాకు సరిగ్గా గుర్తు లేదు. తలుపు వచ్చి మొహానికి కొట్టడం గుర్తుంది. కళ్ళల్లో యాసిడ్ మంట గుర్తుంది. రేవు కాపలాదారు పరుగెత్తుకొచ్చి, నేను అరుస్తున్నా వినకుండా బిందెల కొద్దీ నీళ్ళు మొహం మీద పోస్తూనే ఉన్నాడట. అతని పుణ్యమా అని ఎడమ కన్ను దక్కింది. కుడి కన్ను పోయింది కన్నా. వెలుగు పడితే తెలుస్తుంది, ఎదురుగా ఎవరున్నారో తెలియదు. డాక్టరమ్మ ఇంక చెయ్యగలిగింది లేదని చెప్పేసింది.

మెట్ల మీద జారి మణికట్టు బెణికిందని నీకు రాయించింది అబద్ధం. మీ నాన్న చేత ఆ అబద్ధం రాయించింది నేను. కళ్ళకి కట్టు ఉన్న రోజుల్లో ఆయన నా పక్కన కూర్చుని, ఈ బెణుకు ఎంతకాలం ఉంటుందని రాయమంటావు అని అడిగేవారు. రాసినప్పుడల్లా ఆయన మనసు ఎంత కష్టపెట్టానో ఇప్పుడు అనుకుంటే సిగ్గేస్తోంది. ఆఫీసు వాళ్ళు విచారణకి వచ్చి చిల్లు ఎవరు మూశారని అడిగితే నేనే అన్నాను. నా పెట్టె, నా బాధ్యత. అందులో నాకు బాధ లేదు. ఇక నన్ను ఏటి ఒడ్డుకి ఒంటరిగా పంపేది లేదన్నారు. గదిలో కూర్చుని వచ్చిన లెక్కలు సరిచూడమన్నారు. అందుకే నువ్వు తిట్టిన ఆ కుర్చీలో కూర్చునే పెద్దమనిషి అన్న మాట దగ్గర చెల్లి చదవడం ఆపేసింది.

తప్పు నీది కాదని రాస్తే నువ్వు నమ్మవు, నిన్ను నేను ఎరుగుదును. రాత్రింబవళ్ళు నీ చేతుల వంక చూసుకుంటూ కూర్చుంటావు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆ చిల్లు మూసింది నువ్వే. కానీ నీకు తెలియదు. తెలిసిన మనిషి దాన్ని చేత్తో తడిమి చూసి, భలే అని వచ్చేసింది. నీకు నొప్పి కలగకూడదని ఆ రోజు ఒక మాట దాచాను, తర్వాత ఈ రెండు నెలలూ మళ్ళీ అదే పని చేశాను. నువ్వు కొండ మీద నీ వయసు కుర్రాళ్ళందరికీ అదే నేర్పుతుంటే ఇక్కడ బెణుకు గురించి రాయించుకుంటూ కూర్చున్నాను. మీలో ఎవరికైనా ఏదైనా అయ్యుంటే ఆ తల్లికి నేనేమని చెప్పుకునేదాన్ని? కన్ను పోయినందుకు ఏడవలేదు గాని దీనికి ఏడ్చాను.

ఇది చదివాక నీకు చెయ్యాల్సిన పని ఒకటుంది. మీ బృందాన్నంతా కూర్చోబెట్టి జరిగింది చెప్పు. మా అమ్మకి జరిగిందనే చెప్పు. ఇంజనీరమ్మకి కూడా. కేబుళ్ళ దగ్గర నీ పుట్టీ అలాగే ఉంచండి, అది మంచి పనే. అడుగు చిల్లుకి మాత్రం సన్నజాలీ తప్ప ఏమీ వద్దు. తలుపు ఎదురుగా నిలబడి తీయొద్దు, పక్కన నిలబడి బార్లా తెరిచి, కాసేపు ఆగి, అప్పుడు చెయ్యి పెట్టండి. పొట్లాలు వారానికోసారి గులాబీ రంగు తిరిగితే తిరగనీ. మార్చుకుందాం. విసుగొస్తే నన్ను తిట్టుకోండి.

నువ్వు జీపెక్కి పరుగున రాకు. వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిస్తే నేను తట్టుకోలేను, పైగా నాకు అబద్ధాలు చెప్పే అలవాటు మళ్ళీ మొదలవుతుంది. పని వదిలేస్తానని మాత్రం అనకు. ఆ పనిలోకి వెళ్ళాకే నువ్వు మళ్ళీ మనిషివయ్యావు. కోపం వస్తే కోపంగానే రాయి. ఎందుకు చెప్పలేదని అడుగు. నా దగ్గర మంచి జవాబు లేదు, అయినా అడుగు.

వానలు పడకముందే ఏటి ఒడ్డున కొత్త పెట్టె పెట్టాలట. బ్యాటరీకి వేరే అర ఉన్నది తెప్పించారు. ఎవరి బృందాన్ని పిలిపించమంటారని పెద్దాఫీసరు నన్నే అడిగాడు. కొండ మీద ఉన్నవాళ్ళని పిలిపించండి, మా వాడు కేబుళ్ళ దగ్గర బాగా మూస్తాడు అన్నాను. మీ ఇంజనీరమ్మకి ఈపాటికి కబురు అంది ఉంటుంది. రానంటే నిన్ను ఏమీ అనను. కానీ రా. ఆ పెట్టె నువ్వే బిగించు, అడుగున చిల్లుకి జాలీ నువ్వే వెయ్యి. నేను దగ్గరే ఉంటాను. నాకు ఎడమ పక్కన నిలబడు. అటైతే నువ్వు నాకు బాగా కనిపిస్తావు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
అమ్మ